తలుపు తెరుచుకునేదాకా

మా ఇంట్లో ఎవరూ ఏడవరు. గట్టిగా నవ్వరు కూడా. మేమేదో మహా గంభీరమైన మనుషులమనుకునేరు, అదేం కాదు. నాకు తలనొప్పి. మామూలుది కాదు, మైగ్రేన్. ఎడమ కన్ను వెనక ఎవరో తిష్ట వేసుకుని సుత్తితో కొడుతున్నట్టు మొదలై, వాంతులు చేయించి, నన్ను పీనుగను చేసి గానీ వదలదు. పెళ్లికి ముందునుంచీ ఉంది కాబట్టి, మా ఆయన కంటే దానికే నా మీద హక్కెక్కువ.

ఇదంతా ఆ డాక్టరు చేసిన నిర్వాకం. "కోపం, దిగులు, భయం, ఆఖరికి మరీ సంతోషమైనా మీ తలకి పడదమ్మా. ఉద్వేగాలు తగ్గించుకోండి" అన్నాడు. నేను విని ఊరుకున్నాను. పక్కన కూర్చున్న మా ఆయన మాత్రం ఆ మాటని శాసనంలా పట్టుకున్నాడు. అప్పట్నుంచీ ఏ కబురైనా సరే, ముందు "తల ఎలా ఉంది?" అని అడిగాకే నా దాకా వస్తుంది. "బాగుంది" అంటే చెప్తారు. "పర్లేదు" అంటే సగం చెప్తారు. "బాలేదు" అన్నానా, ఇంక ఆ కబురు మురిగిపోవాల్సిందే. మా అమ్మాయి పరీక్ష తప్పిన సంగతి, అది మళ్లీ రాసి పాసయ్యాక తెలిసింది నాకు. దాని స్నేహితుడెవడో దాన్ని వదిలేసి పోయాడట, అది బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చిందట. నాకెవరు చెప్పారనుకున్నారు? ఎదురింటావిడ! కన్నతల్లిని, నా పిల్ల ఏడుపు ఎదురింటావిడ నోట వినాల్సొచ్చింది. ఒళ్లు మండిపోయింది. కానీ అరిచేదెలా? నా గొంతు కాస్త లేస్తే చాలు, మా ఆయన మాత్రా మంచినీళ్లూ పట్టుకుని సిద్ధం.

తమాషా ఏంటంటే నా ఉద్యోగమే ఉద్వేగాలతో. లిఫ్టుల కంపెనీలో ఫోను దగ్గర కూర్చుంటాను. ఎవరైనా లిఫ్టులో ఇరుక్కుంటే లోపలున్న బటన్ నొక్కుతారు, అది నా దగ్గర మోగుతుంది. మెకానిక్ వెళ్లి తలుపు తెరిచేదాకా ఆ మనిషితో మాట్లాడుతూనే ఉండాలి. తిట్టినా ఏడ్చినా లైను పెట్టేయకూడదు. మా ఆఫీసులో అందరూ పాటించే రూలు అదొక్కటే. లోపలున్నవాళ్లు దేవుణ్ణి పిలుస్తారు, నా ఏడు తరాలనీ ఏకరువు పెట్టి తిడతారు. నేను మాత్రం "గోడకి ఆనుకుని కూర్చోండి, నెమ్మదిగా ఊపిరి తీసుకోండి, నేనిక్కడే ఉన్నాను" అంటూ ఉంటాను. అంతసేపూ నా తల చల్లగా ఉంటుంది. ఆ మనిషి బయటపడి "హమ్మయ్య" అన్నాక, అప్పుడు మొదలవుతుంది నాకు. ఈ సంగతి మా ఆయనకి చెప్తే "సరే సరే, నువ్వు టెన్షన్ పడకు" అన్నాడు. ఏం చెప్పినా ఆయన దగ్గరున్నది ఆ ఒక్క ముక్కే.

ఆ పొద్దున ఆయన బస్సు డిపోకనీ, అమ్మాయి ఆఫీసుకనీ బయల్దేరారు. నేనూ వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. టీ ఇంకా చల్లారలేదు, ఫోను మోగింది. ఊళ్లో పెద్దాసుపత్రి లిఫ్టు. మెకానిక్‌కి కబురు పెడుతూనే, "నమస్కారమండీ, భయపడకండి, లోపల ఎంతమంది ఉన్నారు?" అని పాఠం అప్పజెప్పాను.

అవతల ఒక ఆడపిల్ల గుసగుస. "నాన్నా, అమ్మే!"

మా అమ్మాయి గొంతది. "మీరిద్దరూ అక్కడేం చేస్తున్నారు?"

మా ఆయన గొంతు సవరించుకున్నాడు. "తల ఎలా ఉంది?" అన్నాడు.

అంతస్తుల మధ్య వేలాడుతూ కూడా అదే ప్రశ్న! "నా తల తగలెయ్య, ఎవరికేమైందో చెప్పండి" అన్నాను.

"ఎవరికీ ఏం కాలేదు. మా డిపోలో ఒకాయనకి బాలేదంటేనూ."

"డిపో ఆయన్ని చూడ్డానికి అమ్మాయెందుకు?"

ఇంట్లో అయితే ఈపాటికి మోటారు కట్టాలనో, ఎవరో పిలుస్తున్నారనో లేచి జారుకునేవాడు. లిఫ్టులో ఎక్కడికి పోతాడు? ఆయన నీళ్లు నములుతుంటే, అమ్మాయి ఇంక ఆగలేకపోయింది. "నావల్ల కాదు నాన్నా. అమ్మా, పెద్దమ్మకి..." అని భోరుమంది.

పెద్దమ్మంటే మా అక్క. మా అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. ఉన్నది ఈ ఊళ్లోనే, అవతలి చివర. ఈమధ్య ఫోను చేసినప్పుడల్లా రెండు మాటలు మాట్లాడి పెట్టేస్తుంటే, నా మీద ఎందుకో అలిగిందనుకున్నాను. అలక కాదట. కాలేయంలో కేన్సరట. ఎండలు ముదరకముందే తెలిసిందట, ఇప్పుడు వానలు పడుతున్నాయి. డాక్టర్లు చేతులెత్తేశారట. ఈ ఆసుపత్రిలోనే ఉందట. వీళ్లిద్దరూ వంతులవారీగా వచ్చి చూసిపోతున్నారట, ఇవాళ మరీ బాలేదని ఇద్దరూ కలిసి వచ్చారట.

"నన్ను పెంచిందే మీ పెద్దమ్మ, నాకు చెప్పరా? నేనేమైనా పరాయిదాన్నా?" అని అరిచాను. పక్క కుర్చీలో ఆవిడ బిత్తరపోయి చూసింది. ఫోను విసిరికొట్టి పరిగెత్తాలనిపించింది. కానీ లోపల పిల్ల ఎక్కిళ్లు పెడుతోంది. "అమ్మా, ఊపిరాడట్లేదు" అంటోంది. మా ఆయన "నీకేమన్నా అవుతుందని భయపడ్డానే" అంటూ తనూ ఏడుస్తున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏడుపు వినడం నాకదే మొదలు.

ఏం చెయ్యను? అక్క అక్కడ పైన చావుబతుకుల్లో ఉంది. నేనిక్కడ కూర్చుని "గోడకి ఆనుకో తల్లీ, నేనిక్కడే ఉన్నాను" అన్నాను. మెకానిక్ వచ్చి తలుపు తెరిచేదాకా అంటూనే ఉన్నాను. ఆ తర్వాత ఎవరికీ చెప్పకుండా లేచి బయటపడి టాక్సీ ఎక్కాను.

టాక్సీలోనే కళ్ల ముందు వంకర మెరుపులు మొదలయ్యాయి. తలనొప్పి వచ్చేస్తోందని తెలిసింది. ఇవాళొక్క రోజు ఆగవే మహాతల్లీ అని దాన్ని బతిమాలుకున్నాను.

అక్క గది బయట బావ బెంచీ మీద తల వంచుకుని కూర్చునున్నాడు. నన్ను చూసి లేవబోయి, మళ్లీ కూర్చుండిపోయాడు. లోపలికెళ్లాను. మంచం మీదున్నది అక్కేనని ఎవరైనా చెప్తే గానీ గుర్తుపట్టలేను. చెంపలు పీక్కుపోయాయి, కళ్లు పచ్చబడ్డాయి. దగ్గరగా కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"చెప్పేశాడా మీ ఆయన? పాపం, అతన్నేం అనకు. చెప్పొద్దన్నది నేనే" అంది.

"నా తలనొప్పి గురించేనా అక్కా? ఇలాంటప్పుడు కూడా నా గురించేనా?" అని ఏడుపు మింగుకుంటూ అడిగాను.

"నీ గురించి కాదే. నా గురించి."

నాకర్థం కాలేదు. అక్క ఊపిరి కూడదీసుకుని, ఆగి ఆగి చెప్పింది. "నువ్వొస్తావు. ఏడుస్తావు. తల పట్టుకుంటావు. అందరూ నన్నొదిలి నీ చుట్టూ చేరతారు. నేనూ లేచి నీకు మంచం ఖాళీ చెయ్యాలి. చిన్నప్పట్నుంచీ అంతేగా. నా పెళ్లిరోజునా నీకు తలనొప్పే. నా పిల్లాడు పోయిన రోజునా నీకు తలనొప్పే. ఆ రోజు నేను ఏడవడం మానేసి నీకు తడిగుడ్డ వేశాను. నీ తప్పని కాదు. కానీ అలిసిపోయానే. ఈ ఒక్క నొప్పైనా నన్ను పడనివ్వు."

కోపంగా అన్నా బాగుండేది, ఎదురు జవాబు చెప్పేదాన్ని. చాకలి బట్టల లెక్క చెప్పినంత మామూలుగా అంది. వాడు పోయిన రోజు నాకు గుర్తుంది. అక్క చేతులు చల్లగా, హాయిగా ఉన్నాయనుకున్నాను ఆ రోజు. అంతకుమించి ఒక్కటీ గుర్తు లేదు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఈలోపు సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. నడినెత్తిన ట్యూబ్‌లైటు, దాని వెలుగు కంట్లో సూదిలా దిగుతోంది. అక్క నా మొహంలోకి చూసింది.

"నొప్పిగా ఉందా?"

"లేదక్కా. ఏం లేదు" అన్నాను. నా తలనొప్పి గురించి నేను అబద్ధమాడడం అదే మొదలు.

నమ్మిందో లేదో తెలీదు. కాసేపు తన కాళ్లు పట్టమంది, పట్టాను. నడుం కింద దిండు జరపమంది, జరిపాను. నొప్పి ఎక్కువైనప్పుడు నా చెయ్యి గట్టిగా నొక్కి పెద్దగా మూలిగింది. అక్క మూలగడం నేనెప్పుడూ వినలేదు. వింటూ కూర్చున్నాను.

అంతసేపూ వాళ్ల నాన్నతో కిందే ఉండిపోయిన అమ్మాయి తలుపు తోసుకుని లోపలికొచ్చింది. ఏడ్చి ఏడ్చి దాని మొహం ఉబ్బిపోయింది. నా ఎడమ కన్ను చూడగానే దానికి తెలిసిపోయింది, మాట్లాడకుండా స్విచ్చి దగ్గరికి నడిచింది. టప్పున గది చీకటైంది.

"అయ్యో, ఎవరు తీశారే?" అక్క ఉలిక్కిపడి లేవబోయింది. "వెయ్యండే. చీకట్లో నాకు భయంగా ఉంది."

"వెయ్యవే ముందు" అని అమ్మాయిని కసిరాను. వేసింది. వెలుగు మొహం మీద కొట్టినట్టు పడింది. అక్క మళ్లీ దిండు మీద వాలి, నన్నే చూస్తూ ఉంది. నేను కళ్లు మూసుకుంటే తను లేస్తుంది, నాకు తెలుసు. అందుకని తను నిద్రపోయేదాకా తెరిచే ఉంచాను.