బాత్‌టబ్‌లో ఇద్దరు

"నవోమి సాక్ష్యం ఎన్నిసార్లు విన్నా కొత్తగానే ఉంటుంది. విశ్వాసమంటే అదీ," అన్నాడు సుందర్ రాజ్. ప్రార్థనకి వచ్చేవాళ్ళకు భార్య వసంతకుమారి వేసిన కుర్చీల్లో ఒకదాంట్లో అప్పటికే కూర్చున్నాడు. ఆమె చికెన్ కడుగుతూ ఊఁ అంది.

విచిటా ఫాల్స్ ఊరిని టోర్నడో సుడిగాలి ఊడ్చేసి మూడు వారాలైంది. కొన్ని వీధుల్లో ఇళ్ళు లేవు, వాటి కింది సిమెంటు నేల మాత్రం ఉంది. వసంత ఇంటికి అద్దమైనా పగల్లేదు. రెండు వీధుల అవతల నవోమి ఇంట్లో మాత్రం బాత్‌టబ్ ఒక్కటే మిగిలింది. గాలి వచ్చినప్పుడు అందులో నవోమి పడుకుంటే, భర్త ఆమోసు ఆమె మీద బోర్లా పడుకున్నాడు. దూలం పడి అతని చెయ్యి విరిగింది. ఆమెకు గీత కూడా పడలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు వసంత ఇంట్లోనే ఉంటున్నారు.

వాళ్ళకి వండడం, బట్టలు ఉతకడం వసంతకు బరువనిపించలేదు. దేవుడి పని అనుకునే చేస్తోంది. భోజనాల దగ్గరే కష్టం. కట్టుకట్టిన చేత్తో కూర్చున్న మొగుడికి నవోమి అన్నం కలిపి పెడుతుంది. అతను నములుతూ ఆమెను చూసి ఊరికే నవ్వుతాడు. ఇక వసంతకు ముద్ద దిగదు. ఇల్లు పోయిన పిల్లను చూసి అసూయేమిటి ప్రభువా, ఈ పాపం తీసెయ్యి అని రోజూ మోకరించింది. ఆయన తీసెయ్యలేదు. ఎందుకు తీసెయ్యలేదా అని ఈమధ్యే ఆలోచిస్తోంది.

సాయంత్రం ఊళ్ళోని నాలుగు తెలుగు కుటుంబాలూ చేరాయి. దేవుడు తనను కాపాడిన వైనం నవోమి లేచి నిలబడి సాక్ష్యంగా చెప్పింది. ఈయన బరువుకి ఊపిరాడక లెమ్మని తిట్టానంటే అందరూ నవ్వారు. వసంత కూడా నవ్వింది, లోపల కాలిపోతూనే.

"మా ఇంటిని దేవుడు ముట్టనివ్వలేదు. మాకు చెప్పుకోడానికేం లేదు," అన్నాడు సుందర్ రాజ్. "వసంతా, టీ పట్రా."

"నేను తెస్తా, కూర్చో అక్కా," అంది నవోమి. "అవునూ, ఆ రోజు నువ్వెక్కడున్నావు? ఎప్పుడూ చెప్పలేదు."

ఆ మాట ఇన్నాళ్ళలో ఎవరూ అడగలేదు.

"ఎక్కడేమిటి, క్లోజెట్‌లో దాక్కున్నాం," అన్నాడు సుందర్ రాజ్.

ఆ రోజు సైరన్ మోగగానే అతను హాల్లోని క్లోజెట్‌లోకి, ఇద్దరు పట్టే బట్టల గదిలోకి వెళ్ళాడు. స్టవ్ ఆపావా, పాస్‌పోర్టులు పట్రా అని లోపల్నుంచే కేకేశాడు. చెవులు దిబ్బడేసి, కిటికీలు వణుకుతుంటే వసంత సొరుగులన్నీ వెతికి తెచ్చింది. చెయ్యి పట్టేంత మాత్రం తలుపు తీసి, అవి అందుకున్నాడు. తలుపు మళ్ళీ మూసుకుంది. భయంలో ఎవరైనా అంతేనని తనకు తాను సర్దిచెప్పుకుంటూ వచ్చింది.

వసంత లేచింది. వంటింటి వైపు వెళ్ళలేదు. అందరికీ ఎదురుగా, చేతులు కట్టుకుని నిలబడింది.

"ఈయన క్లోజెట్‌లో ఉన్నారు," అంది. "నేను తలుపు బయట ఉన్నాను."