చివరి పదహారు పేజీలు

ఇరవై ఎనిమిదేళ్లుగా ప్రెస్సులో పుస్తకాలు కుడుతున్నాను. నా చేతి మీదుగా ఒక్క పేజీ అటూ ఇటూ అయింది లేదు. అందుకే అచ్చయిన ఫారాలు, అంటే పదహారేసి పేజీల మడతలు, వరసపెట్టే బల్ల నాది. తప్పు చేసినవాళ్లు ఆ బల్ల వదిలి అట్టలకు జిగురు రాయడానికి పోవాల్సిందే. ఆ నియమం పెట్టిందీ నేనే.

మా ప్రెస్సులో పుస్తకాలు అచ్చేయించే రచయిత ఒకాయన ఉన్నారు, మేమంతా సస్పెన్స్ సారు అంటాం; ఆయన నవలలంటే నాకు ప్రాణం. నెలకొకటి రాస్తారు. ఏది రాసినా సరిగ్గా నూట తొంభై రెండు పేజీలు. అన్నిట్లో అదే డిటెక్టివు, చచ్చేది ఎప్పుడూ జమీందారే. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఆయన కొత్త నవల, నూట పన్నెండోది, ముగించి మంచం మీదికి విసిరికొట్టాను.

"ఏమైందే?" అన్నాడు మా ఆయన.

"చివర్లో జమీందారు కవల తమ్ముడు ఊడిపడ్డాడు. రెండేళ్ల కిందటి నవలలోనూ వీడే! కనిపించనీ ఆ సారుని, నాలుగు కడిగేస్తాను."

మర్నాడు ప్రెస్సులో బీరువా వెనక ఒక కట్ట కనిపించింది. విప్పి చూశాను. కొత్త నవల చివరి పదహారు పేజీల ఫారాలు, వెయ్యి కాపీలవీ అక్కడే ఉన్నాయి. మరి నేను కుట్టింది? రెండేళ్ల కిందటి నవల మళ్లీ అచ్చయి, ఇంకా కుట్టకుండా నా బల్ల పక్కనే ఉంది కదా, దాని చివరి ఫారాలు! పప్పులో కాలేసింది సారు కాదు, నేను.

పోనీ, అసలు ముగింపైనా బాగుంటుందని ఆశపడి నిలబడే చదివాను. అక్కడా కవల తమ్ముడే! ఈసారి మీసం పెట్టారు, అంతే. నా తప్పుకన్నా అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"పుస్తకాలు వెళ్లి పది రోజులైందక్కా. ఒక్కడూ ఫోన్ చేయలేదు. గప్‌చుప్‌గా ఉండు, నీ బల్ల నీకుంటుంది" అన్నాడు నా నోట సంగతి విన్న ప్రెస్సు చిన్న ఓనరు.

"కుట్టింది నేను. చెప్పేదీ నేనే."

సారుని పిలిపించి, పుస్తకం చేతిలో పెట్టి చివరి పేజీలు చదవమన్నాను. తీరిగ్గా చదివి, "బానే వచ్చిందిగా అమ్మా" అన్నారు.

"ఇవి ఈ నవలవి కావు సార్. పాతదానివి. తప్పు నాదే. కానీ చదివినవాళ్లలో ఒక్కరూ కనిపెట్టలేదు. ఇప్పుడు మీరూ కనిపెట్టలేదు."

ఆయన ముఖం పాలిపోయింది. జాలేసింది, అయినా ఆగలేదు. "మీ మొదటి నవల చదువుతూ పొయ్యి మీద అన్నం మాడ్చుకున్నాను సార్. ఇప్పుడేమో డెబ్బయ్యో పేజీలోనే కవల వస్తాడని చెప్పేస్తున్నాను."

పుస్తకం మూసి బల్ల మీద పెట్టారు. "ఏం చేయమంటావు?"

"ఆ పదహారు పేజీలూ మళ్లీ రాయండి. అమ్ముడుపోని కాపీలు తెప్పించి, విప్పి కుట్టే పూచీ నాది."

ఆ పూటే బల్ల, అదే ప్రెస్సులో పనిచేసే నా తోటికోడలికి అప్పగించి జిగురు గిన్నె అందుకున్నాను. "ఎందుకక్కా నీకీ పంతం?" అని అది కళ్లనీళ్లు పెట్టుకుంది. నాకు మాత్రం ఏడుపు రాదా? వచ్చింది, మింగేశాను.

వారం తిరక్కుండానే సారు కాగితాలతో తిన్నగా నా దగ్గరికే వచ్చారు. చేతులు తుడుచుకుని చదవడం మొదలుపెట్టాను. ఎదురుగా నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నారు. పద్నాలుగో పేజీకి వచ్చినా హంతకుడెవరో నాకు అంతుపట్టలేదు. గిన్నెలో జిగురు గడ్డకట్టుకుపోతోంది.

"ఎలా ఉందమ్మా?"

"కాస్త ఆగండి సార్," తలెత్తకుండానే అన్నాను, "ఇంకా రెండు పేజీలున్నాయి."