వెనక్కి లాగిన చెయ్యి

నేను ఒక పిడిని. యుద్ధవిమానంలో పైలట్ ఎడమచేతి కింద ఉండేదాన్ని. ముందుకు తోస్తే ఇంజను రంకె వేస్తుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. అంతే నా పని. తుపాకీ మీట గొప్ప అందరూ చెప్పుకుంటారు. నా గొప్ప నేనే చెప్పుకోవాలి.

బెంగుళూరు కార్ఖానాలో పుట్టాను. నునుపు చేసి, నల్లరంగు పూసి, ఒక బుల్లి విమానంలో బిగించారు. చాలా చేతులు చూశాను. అన్నీ నన్ను ముందుకే తోసేవి. మనుషులకు వేగమంటే అంత పిచ్చి. ఎక్కడికని అడిగితే మాత్రం చెప్పలేరు.

కోదండపాణి చెయ్యి వేరు. తెనాలివాడు. చిన్నప్పుడు నెమ్మది సైకిల్ పందేల్లో కాలు కింద పెట్టకుండా అందరికంటే ఆఖరున గీత చేరి గెలిచేవాడట. ఆ చెయ్యి నన్ను వెనక్కి కూడా లాగేది. సాధన పోరులో అలా లాగినందుకు ఒకరోజు నేలకు దిగాక దళనాయకుడు మొహియుద్దీన్ సాబ్ విమానం నిచ్చెనెక్కి కేకలేశాడు. ఆయనది హైదరాబాదు.

“ఏందయ్యా పాణీ, ఇది జెట్టు. మీ తెనాలి సైకిల్ గాదు. చెయ్యి ఎన్కకు వోయిందంటే గుండె ఎన్కకు వోయినట్టే.”

“గుండె ఎక్కడికీ పోలేదు సార్. ఇక్కడే ఉంది.”

“ఇంకోసారి గిట్ల జేసినవనుకో, నా జంటల నిన్ను తీస్కపోను.”

పాణి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. పిరికివాడన్న మాట ఆ అరచేతిలో చాన్నాళ్లు మండింది.

యుద్ధం వచ్చింది. ఒక ఉదయం పాణి, సాబ్ రెండు విమానాల్లో జంటగా ఎగురుతుండగా శత్రువు విమానం ఒకటి మా వెనక చేరింది. మాకంటే పెద్దది, వేగం గలది. గుళ్లు మా రెక్క పక్కనుంచి పోయాయి.

“పాణీ, ఎన్క జూస్కో!” రేడియోలో సాబ్ కేక. ఆయన పైన, దూరంగా ఉన్నాడు. వచ్చేలోపు మా పని అయిపోతుంది.

పాణి పారిపోలేదు. విమానాన్ని వాడి వైపే గిరుక్కున తిప్పాడు. వాడు ఆ వేగంలో మలుపు అందుకోలేక బయటికి జారాడు. మళ్లీ మా మీదికి తిరిగాడు. మేమూ తిరిగాం. ఒకరి దారికి ఒకరం అడ్డంపడుతూ, అటూ ఇటూ. దీన్ని కత్తెర అంటారు. ఇందులో ముందుకు పోయినవాడు చస్తాడు. వెనకబడ్డవాడు బతుకుతాడు.

పాణి నన్ను వెనక్కి లాగాడు. దాటిన ప్రతిసారీ ఇంకాస్త. విమానం గజగజలాడింది. ఇంకో వెంట్రుకవాసి లాగితే కాలు కింద పెట్టినట్టే, రాయిలా పడిపోతాం. సరిగ్గా అక్కడ ఆపాడు. నేను జారలేదు. శత్రువు మమ్మల్ని దాటి మా ముక్కు ముందుకొచ్చేశాడు. అప్పుడు పాణి తుపాకీ మీట నొక్కాడు. వాడి విమానంలోంచి పొగ లేచింది. వాడి పారాచూట్ విచ్చుకోవడం చూశాకే పాణి ఊపిరి వదిలాడు.

దిగాక సాబ్ మళ్లీ నిచ్చెనెక్కాడు.

“ఏందయ్యా అది?”

“తెనాలి సైకిలండీ.”

ఆయన పకపకా నవ్వాడు. ఆ సాయంత్రమే రన్‌వే పక్కన దళమంతటికీ నెమ్మది సైకిల్ పందెం పెట్టించాడు. అందరికంటే ముందు కాలు కింద పెట్టింది ఆయనే.

ఇప్పుడు మ్యూజియంలో ఉన్నాను. విమానం ముందు పలక మీద మా వేగం పెద్ద అక్షరాలతో రాశారు. ఎంత నెమ్మదిగా పోగలమో రాయలేదు. వచ్చినవాళ్లంతా కూర్చోగానే నన్ను ముందుకు తోస్తారు.

మొన్న ఒక తెల్లజుట్టాయన మెల్లగా ఎక్కి కూర్చున్నాడు. ఎడమచెయ్యి వేశాడు. తెలిసిన చెయ్యే. నన్ను వెనక్కి లాగి, ఒకచోట ఆపి, దిగిపోయాడు.

ఆ చోటు నాకూ గుర్తే.