నాలుగు వేళ్ల మేర

ఐదో రోజు పొద్దున నా వీపులో కొంత జాగా కనబడకుండా పోయింది.

ఇరవై రెండేళ్లుగా భివండీలో బట్ట నేసే సాంచాలు నడిపి, నిద్ర పట్టని రోగం తెచ్చుకున్నవాణ్ని నేను. మా కార్ఖానాలో సాంచాలు బాగుచేసే భూషణ్ బౌద్ధుడు, ఆదివారం వస్తే విహారానికి పోతాడు. దీపావళికి సాంచాలు బందయితే, పట్టుబట్టి నన్ను ఈ పది రోజుల ధ్యానానికి లాక్కొచ్చాడు. ఇక్కడ ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. కళ్లు మూసుకుని, నడినెత్తి నుంచి కాలి గోరు దాకా ఒంటిని అంగుళం అంగుళం మనసుతో తడుముకుంటూ పోవాలి. దురదో, వేడో, బరువో, ఉన్నదాన్ని ఉన్నట్టు చూసి ముందుకు సాగాలి. ఇంత పనికి పది రోజులెందుకని మొదట్లో లోపల లోపల గొణుక్కున్నాను.

మెడ దిగి ఎడమ రెక్క ఎముక మీదికి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. పైన చెమట తెలుస్తోంది, కింద చొక్కా రాపిడి తెలుస్తోంది, నడుమ నాలుగు వేళ్ల మేర ఖాళీ. ఏమీ తెలియని చోట ఒక నిమిషం ఆగండి, తెలుస్తుంది అని గురువు చెప్పాడు. నేను గంట ఆగాను. మధ్యాహ్నం ప్రశ్నలు అడగనిచ్చే వేళకు వెళ్లి అడిగితే, ఓపిక పట్టమన్నాడు. ఓపికే ఉంటే నాకు నిద్ర పట్టకపోవడమేంటి?

ఏడో రోజు స్నానాల గదిలో చేయి వెనక్కి పెట్టి ఆ చోట గోరుతో గట్టిగా గిచ్చాను. గోటి చివర నెత్తురు కనిపించింది గాని, నొప్పి లేదు. భయమేసింది. తర్వాతి మూడు రోజులు ధ్యానం ఎవరు చేశారో గాని నేను మాత్రం కాదు.

ఆ మూడు రోజులూ నా మనసు నా భార్య ఓదెమ్మ చుట్టే తిరిగింది. సాంచాల మోతలో పిలిస్తే వినబడదు. ఎవరికి ఏం పనిబడ్డా వెనక నుంచి వచ్చి చేయి వేయాల్సిందే. మగవాళ్లు భుజం పట్టి ఊపుతారు. ఓదెమ్మ మాత్రం మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చినప్పుడు వీపు మీద మెల్లగా చేయి పెట్టేది. హోళీ తర్వాత తాను రావడం మానేసి, పక్కింటి చంద్రవ్వతో పంపిస్తోంది. అడిగితే మోకాళ్ల నొప్పులంది. ఇప్పుడు అర్థమైంది. వీపు రుద్దేటప్పుడు ఏదో చూసి ఉంటుంది. చూసి, అసహ్యం పుట్టి, చెప్పలేక దూరం జరిగింది.

తిరిగొచ్చిన మర్నాడే వరాలా తలావ్ దగ్గరి డాక్టరమ్మకు చూపించుకున్నాను. ఆమె దూది పోచ తీసి, కళ్లు మూసుకొమ్మని, ముట్టుకున్న చోటల్లా వేలు పెట్టి చూపించమంది. వీపు దగ్గర నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను, ఆమె పరీక్ష అయిపోయిందని చెప్పింది. చర్మం కబురు పంపితేనే మెదడుకు తెలుస్తుందట. దారిలో నరం దెబ్బతింటే కబురు ఆగిపోతుంది, ఇక మెదడు లెక్కలో ఆ చోటే ఉండదట. తర్వాత రోగం పేరు చెప్పింది, కుష్ఠు. ఆరు నెలల మందు, పూర్తిగా తగ్గుతుంది, మందు మొదలుపెట్టాక ఎవరికీ అంటదు అంది. ఇంట్లో వాళ్లను కూడా రేపే తీసుకురమ్మంది. నేను ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. కామత్‌ఘర్‌లో మా గల్లీకంతా ఒకటే నీళ్ల నల్లా, సంగతి తెలిస్తే మమ్మల్ని దాన్ని ముట్టనివ్వరు. గల్లీ సంగతి తర్వాత, ముందు ఓదెమ్మకు ఏ నోటితో చెప్పను?

ధైర్యం చాలక సాయంత్రం ఒక నాటకం ఆడాను. ధ్యానంలో నేర్పిన ఆట అని చెప్పి, దారం పోగుతో మా అమ్మాయి కోమల్ చేతులూ కాళ్లూ ముట్టి చూశాను. పిల్ల కిలకిల నవ్వుతూ అన్నీ సరిగ్గా చెప్పి, ఆ ఆట స్నేహితులకు చూపించాలని బయటికి పరుగెత్తింది. ఓదెమ్మను కూడా కూర్చోబెట్టి చేతులు, పాదాలు చూశాను. ఒక్కటీ తప్పలేదు. గుండెలో బరువు సగం దిగింది. అంతలో ఆమె నా చేతిలోంచి పోగు లాక్కుంది.

"ఇగ నువ్వు కండ్లు మూసుకో."

నా వెనక కూర్చుంది. మెడ అన్నాను, చెవి అన్నాను. తర్వాత ఏమీ తెలియలేదు. చాలాసేపు ఎదురుచూశాను.

"పెట్టు మరి."

"పెట్టిన," అంది. "పోగు గాదు, శెయ్యే పెట్టిన. డబ్బా తెచ్చినప్పుడు గిట్లనే పెట్టేదాన్ని. మస్తుసార్లు పెట్టిన. నువ్వు మర్లి సూడకపోతివి. నేనంటే నీకు మనసు ఇరిగిందనుకొని రాకడ బందు వెట్టిన."

నాకు దుఃఖం ఆగలేదు. కళ్లు తెరిచాను. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు.

"గట్ల గాదు ఓదెమ్మా. నాకు ఆడ తెలుస్తలేదు. డాక్టరమ్మ సూసింది. పెద్దరోగమట."

మందుందని, తగ్గుతుందని, అంటదని గబగబా చెప్పుకుపోయాను. ఆమె చేయి నా వీపు మీద ఇంకా ఉందో, తీసేసిందో నాకు తెలియదు. తిరిగి చూస్తే తెలిసిపోతుంది. తిరగలేకపోయాను. తీసేసి ఉంటే ఆ సంగతి నాకు ఎప్పటికీ తెలియకపోవడమే మేలనిపించింది. శ్వాసను చూడమని పది రోజులు నేర్పారు. ఆ క్షణాన నాకు శ్వాస కూడా దొరకలేదు.

అప్పుడు వెన్నెముక పక్కన, ఖాళీ ముగిసే అంచు మీద, ఒక వేలి కొన తెలిసింది. తర్వాత రెండో వేలు. తర్వాత మెల్లగా అరచేయి మొత్తం జరిగి వచ్చింది, వెచ్చగా, నూలు కండెలు చుట్టి కాయలు కాసిన అరచేయి.

"రేపు నేను గూడ వస్త," అంది ఓదెమ్మ. "నా ఈపు నువ్వు సూడనే లేదు గదా."