సొర పన్ను

"సొర పన్ను కోసం వచ్చానయ్యా" అన్నాను.

పుట్టి నడుపుతున్న తిప్పన్న తెడ్డు ఆపేశాడు. "దేనికోసం?"

"సొర పన్ను. ఈ ఇసుకలో ఉండాలి. ఎన్నుంటే అన్నీ వసూలు చేసుకుపోతాను."

'ఏరుకుపోతాను' అనాల్సింది. 'వసూలు' అన్నాను. తిప్పన్న మళ్ళీ తెడ్డు గబగబా వేశాడు. నన్ను కృష్ణ నడుమ ఇసుకదిబ్బ మీద దింపి, "పొద్దు వంగినంక వొస్త సారూ" అని పుట్టిని తిప్పాడు. పేరే తిప్పన్న, తిప్పక ఏం చేస్తాడు, మళ్ళీ ఇటూ తిప్పుతాడు అనుకున్నాను.

సిరవార దగ్గర, తుంగభద్ర కాలవ కింద భూములు కొనుక్కున్న ఆంధ్రా రైతుల క్యాంపులో నేను బడిపంతుల్ని. పుట్టింది సముద్రపు ఒడ్డున. చిన్నప్పుడు పోటు తీశాక తడి ఇసుకలో, రాయిగా మారిపోయిన సొరచేప పళ్ళు ఏరుకునేవాళ్ళం. నల్లగా, ముక్కోణంగా, అంచు తాకితే వేలు తెగేలా ఉండేవి. మొన్న మా క్యాంపు హనుమయ్య గోడల పూతకని దేవదుర్గ వైపు నుంచి తెప్పించిన ఇసుక జల్లిస్తుంటే, జల్లెడలో అచ్చం అలాంటిదే ఒకటి మిగిలింది. సముద్రానికి ఇంత దూరంలో!

"హనుమయ్యగారి అమ్మ తాయెత్తులోంచి జారుంటుందిలెండి. ఆవిడా మన సముద్రం వైపు మనిషేగా" అంది మా ఆవిడ శ్యామలాదేవి.

మా ఆవిడ నోరు మూయించడానికి నా ముప్పై రెండు పళ్ళూ చాలవు. ఇసుకలోది ఇంకొకటి కావాలి. అందుకని మొదటిదాన్ని జేబులో వేసుకుని, జూన్ చివరి ఆదివారం ఆ ఇసుక తవ్విన చోటికే బస్సెక్కాను.

మూడు గంటలు నడుం వంచి వెతికాను. నత్తగుల్లలు దొరికాయి, గాజుముక్క దొరికింది, నడుంనొప్పి దొరికింది. దిబ్బ ఎగువ కొసన తిప్పన్న వాళ్ళ సొరపాదులున్నాయి. పొద్దున దిగేటప్పుడు కాయలతో కళకళలాడాయి. ఇప్పుడు ఒక్క కాయ లేదు, కోసిన తొడిమల తడి కూడా ఆరలేదు. నేను దిగువ కొసన ఇసుక కెలుకుతుంటే ఎవరో వచ్చి కోసుకుపోయారన్నమాట. నాకు వినబడకుండా ఎందుకో!

చెప్పుల కోసం చూశాను. చెప్పులు చెప్పకుండా వెళ్ళిపోయాయి. అవి విడిచిన చోట ఎర్రనీళ్ళు తిరుగుతున్నాయి. ఇక్కడ చినుకు లేదు. ఎగువన ఎక్కడో కురిసిన వాన నా కాళ్ళ దగ్గరికి నడిచొచ్చింది.

నాకు ఈత రాదు. సముద్రపు ఒడ్డున పుట్టి, పుట్టి లేనిదే ఏరు దాటలేని ఘనుణ్ణి. కష్టమొస్తే పుట్టి మునిగిందంటారు. నా పుట్టి మునగలేదు, అవతలి ఒడ్డున బోర్లించి హాయిగా ఉంది. మునగవలసింది నేనే.

ఆ ఒడ్డున తిప్పన్నా, అతని భార్య బసమ్మా, ముసలి దొడ్డప్పా నిలబడి నన్నే చూస్తున్నారు.

"తిప్పన్నా! పుట్టి తేవయ్యా!"

"పన్ను వసూలయిందా సారూ?"

"ఒక్కటీ దొరకలేదయ్యా!"

"దొరకలేదంట" అన్నాడు దొడ్డప్ప. ఇటు గాలి కావడంతో వాళ్ళ మాట నాకు బాగానే వినిపిస్తోంది. "దొరికిందాంక పోడు ఈ లెవీ వసూలు సారు. ఉండనియ్యి జర."

"పన్నూ వద్దు, ఏమీ వద్దు! నీళ్ళు! నీళ్ళొస్తున్నాయి!"

నా మాట మాత్రం ఎదురుగాలికి సగమే చేరింది.

"నీళ్ల మీద గూడ పన్నంట!" దొడ్డప్ప నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

సైగ చేస్తే అర్థమవుతుందని నోరు బార్లా తెరిచి, ముందుపన్ను మీద వేలితో కొట్టి చూపించాను.

"చూసినవా? తింటనంటుండు" అన్నాడు దొడ్డప్ప. "లంచం దినే మొకమే."

దిబ్బ బడి వరండా అంత అయింది. కాసేపటికి మంచమంత అయింది. ఒడ్డుకు కేకవేటు దూరమే, అయినా ఒక్క కేకా పనికిరాలేదు. ఎటు అడుగు వేసినా కాలికింద ఇసుక జారుతోంది. మోకాళ్ళు తడిశాక నాకు మాటలు అయిపోయాయి. మాటలు అయిపోవడం నాకు పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. జేబులోని పన్ను తీసి పిడికిట్లో బిగించాను. ఎందుకో తెలియదు, పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

అప్పుడు బసమ్మ గొంతు లేచింది. "సర్కారోడైతేంది, మనిషి గాదా? మునుగుతుండు, పోయి తే!"

"ఈ వరదల పుట్టి గిర్రున తిరుగుతదే. బుర్రలు గావాలె."

"తీస్త పట్టు."

"తీస్తే సారు చూస్తడు గద!"

"చూడనియ్యి. సచ్చినోడు చూడడు, బతికినోడే చూస్తడు."

ఆమె గడ్డివాములో చెయ్యిపెట్టి నాలుగు ఎండిన సొరబుర్రలు బయటికి లాగింది. పొట్టకు అవి కట్టుకునే ఇక్కడివాళ్ళు ఏరు ఈదుతారు, చేపలు పడతారు. తిప్పన్న వాటితో నీళ్ళలో దూకి నా దగ్గరకు చేరి, రెండింటిని నా పొట్టకు కట్టాడు.

"ఎవరికీ చెప్పకు సారూ. ఇవి నాలుగే ఉన్నయి."

"ఏవి?"

"సొరబుర్రలు. వీటికే గద నువ్వు పన్ను ఏస్తనంటివి!"

నడి ఏట్లో నాకు సంగతి తెలిసింది. నవ్వొచ్చింది, నోట్లోకి నీళ్ళూ వచ్చాయి. తిప్పన్న నా జుట్టు పట్టి ఒడ్డుకు లాగాడు.

కక్కాల్సిన నీళ్ళు కక్కి, కూర్చుని పిడికిలి విప్పాను.

"ఇదయ్యా సొర పన్ను. సొర అంటే సముద్రంలో చేప. పన్నంటే ఇదిగో, నోట్లోది."

దొడ్డప్ప నా అరచేతి మీదికి వంగాడు. "సొర అంటే సొరకాయ గాదా?"

"మా వైపు రెండూ సొరే తాతా."

"పన్నంటే సర్కారు పన్ను గాదా?"

"అదీ పన్నే, ఇదీ పన్నే. రెండూ పీకేటప్పుడే నొప్పి."

"పన్ను అని ఆగం జేసినవు గద సారూ!" అన్నాడు తిప్పన్న.

పన్ను, ఆగం. పన్నాగమంటే ఇదే కాబోలు, పన్నింది మాత్రం ఎవరూ లేరు.

బసమ్మ వేలితో దాని అంచు తాకి చూసింది. "నోట్లది పల్లు గద సారూ. పల్లు అంటే నీ నోరేమన్న పోతుండెనా? మా దిక్కు పన్నంటే పల్లూడగొట్టి గుంజుకపొయ్యేది."

దొడ్డప్ప ఇళ్ళ వైపు తిరిగి గొంతెత్తాడు. "ఏయ్! సొరకాయలకు పన్ను లేదంట! అది చేప పల్లంట! చేప పల్లు!"

గడ్డివాముల్లోంచి, మంచాల కిందనుంచి, ఉతికిన చీరల మూటల్లోంచి పొద్దుటి సొరకాయలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి.