కదిలినా ఫర్వాలేదు

ఆ ఇంట్లో ఫొటోలు తీసేవాళ్ళు ఇద్దరు. మామగారు మనుషుల్ని పైనుంచి తీసేవారు, కోడలు లోపలినుంచి తీసేది. 'కాస్త నవ్వండి' అనడం ఆయన వృత్తి, 'ఊపిరి బిగపట్టండి' అనడం ఆమె ఉద్యోగం. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తానని పెళ్ళిచూపులనాడు ఆమె చెప్పగానే కాబోయే మామగారి మొహం చేటంతయింది. ఇన్నాళ్ళకి ఇంట్లో తన జట్టుకి ఓ మనిషి దొరికిందన్నారు. ఆయన అలా అనడానికి కారణముంది. కొడుకు నీటి మోటార్లు అమ్ముకునే బుద్ధిమంతుడు, కెమెరాకి ముందేదో వెనకేదో తెలియనివాడు. చిన్నప్పుడు స్టూడియోలో కూర్చోబెడితే లెన్సు మూత ఎక్కడో పారేసి వచ్చేవాడట.

స్టూడియో మూసేసినప్పుడు ఆయన పెద్దగా బాధపడలేదు. ఎవరి ఫొటోలు వాళ్ళే ఫోన్లలో తీసుకునే కాలం వస్తే తనకెందుకు ఏడుపు అన్నారు. గల్లా తీసేసిన గదిని మందుల దుకాణానికి అద్దెకిచ్చి, మెడలో కెమెరా వేసుకుని వీధుల వెంట తిరగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా ఫొటోలు తీసేవారు. కోడలితో బజారుకి వెళ్తే ప్రతి ప్రకటన బోర్డు దగ్గరా ఆగాల్సిందే. "ఆ అమ్మాయి ముక్కు నీడ చూడు తల్లీ, పెదవి మీద పడి మీసంలా లేదూ? లైటు పట్టుకున్నవాడు నిద్రపోయుంటాడు." ఆమె నవ్వేది. ఆ నవ్వుతో ఆయనకి మరింత హుషారొచ్చి పక్క బోర్డు మీదకి వెళ్ళేవారు.

ఆ తర్వాత కుడిచేతికి వణుకొచ్చింది. మొదట కప్పు సాసరు చప్పుడు చేసింది. ఆయన కప్పు సగమే నింపమన్నారు. తర్వాత చొక్కా గుండీలు మొండికేశాయి. ఆయన టీషర్టులకి మారారు. ప్రాణానికి భయం లేదనీ, మాత్రలతో కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదనీ డాక్టరు చెప్పాడు. "పోనిద్దూ, నా చెయ్యి నా మాట వినకపోతే ఏం? నా కొడుకు మాత్రం వింటున్నాడా?" అని ఆయన దాన్నీ నవ్వులాటలోకే నెట్టారు.

నవ్వులాట కాకుండా పోయింది మాత్రం చెల్లెలి ఉద్యోగ విరమణ విందులో. అన్నయ్య ఉండగా ఇంకొకరు ఫొటోలు తియ్యడమేమిటని ఆవిడ పట్టుబట్టింది. ఆయన సరదాగానే తీశారు. మసక దీపాల హాలు, చేతిలో పాత కెమెరా. మర్నాడు చూసుకుంటే ఒక్క ఫొటో సరిగ్గా లేదు. ప్రతి మొహానికీ రెండేసి ముక్కులు, నాలుగేసి కళ్ళు. చెల్లెలు ఎటో చూస్తూ, "బాగున్నాయి అన్నయ్యా" అంది. ఆయన చివరిదాకా ఓపిగ్గా చూసి, కెమెరా పాడైనట్టుందని మాత్రం అన్నారు. ఇంటికొచ్చాక దాన్ని పాత తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టేశారు. ఆనాటినుంచి బజారుకి వెళ్తే దారిలో ఎక్కడా ఆగలేదు. కోడలే ఓసారి కావాలని అలాంటి మీసపు నీడే ఉన్న ఒక ఘోరమైన బోర్డు ముందు నిలబడి, "దీని సంగతేంటి మామయ్యా?" అని అడిగింది. ఆయన తలెత్తి చూసి, "బానే ఉందిగా" అనేసి నడిచారు. ఆ మాటకి ఆమెకి ప్రాణం ఉసూరుమంది. ఆ బోర్డు బాగుందని ఆయన నోటివెంట రావడం కంటే ఆ చేతి వణుకే నయం అనిపించింది.

ఇలా ఉండగా ఒకనాడు ఎక్స్‌రే గదికి ఒక తల్లి పిల్లాణ్ణి చంకనేసుకుని వచ్చింది. మణికట్టు విరిగిందేమోనని అనుమానం. వాడు గది దద్దరిల్లేలా ఏడుస్తున్నాడు, కాళ్ళూ చేతులూ ఝాడిస్తున్నాడు. వీడు ఒక్క క్షణం కుదురుగా ఉండడండీ, ఎలా తీస్తారో ఏమో అని తల్లి కన్నీళ్ళు పెట్టుకుంది. కోడలు రోజూ ఇలాంటివాళ్ళని చూసే మనిషి. "కదిలినా ఫర్వాలేదమ్మా, నేను చూసుకుంటా" అంటూ యంత్రంలో కిరణం వదిలే సమయాన్ని బాగా కుదించి, బలాన్ని పెంచింది. చిత్రం తేటగా వచ్చింది. తల్లీబిడ్డలు వెళ్ళిపోయారు గానీ, తను అన్న మాట మాత్రం తన చెవిలోనే ఉండిపోయింది. పిల్లాడికి పనికొచ్చిన ఉపాయం పెద్దాయనకి ఎందుకు పనికిరాదు?

ఆ సాయంత్రం భర్తకి చెప్పింది. మంచి డిజిటల్ కెమెరా ఒకటి కొందామనీ, ఈ కొత్తవాటిలో తక్కువ వెలుతురులో కూడా కన్ను మూసి తెరిచేలోపు ఫొటో తియ్యొచ్చటనీ, చేతి వణుకుని సర్దుకునే లెన్సులు కూడా ఉన్నాయటనీ. అతను తల గోక్కున్నాడు. నాన్నతో చెబితే నాన్న తిడతాడు, వద్దంటే నువ్వు తిడతావు, అడకత్తెరలో పోకచెక్కనయ్యాను అన్నాడు. చివరికి, చెయ్యాల్సిందేదో నువ్వే చెయ్యి, మొయ్యాల్సినవేమైనా ఉంటే నన్ను పిలు అని తేల్చేశాడు.

ఆమె మామగారి దగ్గరికి వెళ్ళి, తనకో కెమెరా కొనుక్కోవాలనుందని చెప్పింది. ఎముకల్ని తీసీ తీసీ విసుగొచ్చింది, ఇకనైనా చర్మమున్న మనుషుల్ని తీస్తానంది. ఆయన, జూములకి పోవద్దు, మొదలుపెట్టేవాళ్ళకి మామూలు యాభై ఎం.ఎం. లెన్సు చాలు, దగ్గరికి రావాలంటే కాళ్ళు లేవా, అని గొణిగారు. గొణుగుడు కాస్తా ఉపన్యాసమైంది. సెలవు రోజు వచ్చేసరికి ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, ఆమెకంటే ముందు తయారై గుమ్మంలో నిలబడ్డారు.

మొదటి దుకాణంలో అమ్మేవాడు నోరు తెరవగానే సంచీ ఉచితం, స్టాండు ఉచితం, తుడిచే గుడ్డ ఉచితం అన్నాడు. కెమెరా సంగతి అడిగితే నీళ్ళు నమిలాడు. మామగారు కోడలి మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చేశారు. రెండో దుకాణం ఒక ఇరుకు సందులో ఉంది. గాజు బల్లకి అవతల నడివయసు ఆవిడ, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని, ఎవరిదో లెన్సుని గాలి ఊదే బ్లోయరుతో శుభ్రం చేస్తోంది. ఎవరి కోసం, ఏం తీస్తారు, చీకట్లో తీస్తారా వెలుగులో తీస్తారా, మెడలో ఎంతసేపు వేసుకుంటారు అని అడిగింది. మామగారు కోడలి చెవిలో, "ఈవిడకి పని తెలుసు" అన్నారు.

ఆవిడ బల్ల మీద నల్లటి మెత్తని చాప పరిచి ఒక్కొక్కటే పెట్టింది. ఒక కెమెరా పట్టు కోడలి చేతికి చిన్నదైంది. ఇంకొకటి ఇటుకంత బరువుంది. మూడోదాని లోపలి అద్దం పైకి లేచి పడే చప్పుడు విని మామగారు కళ్ళు మూసుకుని, మళ్ళీ నొక్కమన్నారు. మూడుసార్లు నొక్కించుకుని విన్నారు. అన్నీ కోడలి చేతే పట్టిస్తున్నారు, నొక్కిస్తున్నారు. కుడిచెయ్యి మాత్రం ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు. యాభై లెన్సు వచ్చేసరికి ఆగలేకపోయారు. గాజులో దుమ్ము ఉందో లేదో వెలుతురుకి పెట్టి చూడాలనిపించి చెయ్యి చాచారు. వేళ్ళ మధ్య లెన్సు గిలగిల్లాడి జారింది. ఆవిడ చటుక్కున రెండు చేతులూ అడ్డం పెట్టి పట్టేసింది. ఏమీ కాలేదు. కానీ ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పద తల్లీ. ఇంకోరోజు వద్దాం" అన్నారు.

సందు చివర టీ కొట్టు ముందు బల్ల మీద కూర్చున్నారిద్దరూ. ఆమె సగం గ్లాసు టీ తెచ్చి ఎడమచేతికి అందించింది. ఇక నాటకం ఆడటం ఆమెవల్ల కాలేదు.

"మామయ్యా, కెమెరా నాకు కాదు. మీకే."

"తెలుసులే."

"ఎప్పట్నుంచి?"

"నువ్వు ఎముకలంటే విసుగన్నప్పుడే. నీ పనంటే నీకెంత ఇష్టమో నాకు తెలీదూ?" ఆయన గ్లాసు కింద పెట్టారు. "తెలిసే వచ్చాను. బుద్ధి లేక వచ్చాను. వాసన చూసి పోదామని వచ్చాను అనుకో. చూశావుగా ఏమైందో. వణికే చేతికి కెమెరా ఇస్తే రెండు ముక్కుల ఫొటోలే వస్తాయి. నామీద జాలితో ఇంత ఖర్చు పెట్టకండి."

"జాలి కాదు" అంది ఆమె. గొంతు కాస్త పెద్దదే అయింది. "మీరు ఆ బోర్డు బాగుందన్నారు. మీసమున్న బోర్డు. నాకు దానిమీద కోపం."

ఆ ఊపులోనే ఆమె ఎక్స్‌రే గదికి వచ్చిన పిల్లాడి సంగతి మొదలుపెట్టింది. వాడెలా తన్నాడో, కిరణాన్ని ఎంత తక్కువసేపు వదిలిందో, చిత్రం ఎంత తేటగా వచ్చిందో చెప్పుకొచ్చింది. ఆయన మొదట వినట్లేదన్నట్టు వీధిలోకి చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి మెడ ఇటు తిరిగింది.

"సమయం తగ్గిస్తే నల్లబడదూ?"

"బలం పెంచాను."

"అంటే తక్కువ వెలుతురు చాలే స్పీడు ఫిల్మ్ వేసినట్టన్నమాట. అప్పుడు బొమ్మలో గరుకు పెరగదూ?"

"పెరుగుతుంది కొంచెం. కానీ ఎముక కనిపిస్తుంది."

టీ చల్లారిపోయింది. ఆయన మనసులో లెక్కలేవో నడుస్తున్నాయని, ఎడమచేతి బొటనవేలు మిగతా వేళ్ళ మీద తిరగడం చూసి ఆమె గ్రహించింది. "ఆవిడ దుకాణం ఎప్పుడు కట్టేస్తుందో" అంటూ ఆయనే ముందు లేచారు.

ఈసారి కోడలు ఏ తిరకాసూ లేకుండా, మా మామగారికి చెయ్యి వణుకుతుంది, దానికి తగ్గట్టు చూపించండి అని చెప్పేసింది. ఆవిడ లోపలికి వెళ్ళి కాస్త పొడుగాటి జూమ్ లెన్సొకటి తెచ్చింది. అందులోని గాజు, చేతి కదలికకి ఎదురుగా కదిలి బొమ్మని నిలబెడుతుందట. అద్దం చప్పుడు నచ్చిన ఆ కెమెరాకే దాన్ని తగిలించి, పట్టీ ఆయన మెడలో వేసి, షట్టరు తెరుచుకునే సమయం సెకనులో వెయ్యోవంతుకి పెట్టుకోండి, తక్కినది నేను చూపిస్తానంది. జూములకి పోవద్దన్న మనిషి కిక్కురుమనకుండా కంటికి ఆనించుకున్నారు. ఎడమచెయ్యి లెన్సు కింద, రెండు మోచేతులూ డొక్కలకి ఆన్చి. ఎన్నాళ్ళయినా ఆ నిలబడటం మాత్రం ఆయన మరిచిపోలేదు. వేలు వణుకుతూనే ఉంది. నొక్కారు.

తెర మీద చూసుకున్నారు. గుడ్డివాటంగా వచ్చిందేమోనని మళ్ళీ తీశారు, మళ్ళీ తీశారు. దుకాణం ఆవిడ నెత్తి మీది కళ్ళజోడు, పక్కన బీరువా తాళం, వీధిలో గొడుగు మడుస్తున్న ఒక మనిషి. రెండు మూడు చెదిరాయి. మిగతావి చెదరలేదు. దుకాణం ఆవిడ ఫొటోని పెద్దది చేసి చూపిస్తే కనురెప్పల వెంట్రుకలు ఒక్కొక్కటీ వేరువేరుగా ఉన్నాయి.

"వీటికి ఒకటే ముక్కు ఉంది" అన్నారు ఆయన. కోడలు గబుక్కున అటు తిరిగి, తనకేమాత్రం అక్కర్లేని స్టాండ్ల గురించి ఆవిణ్ణి అడగడం మొదలుపెట్టింది.

యాభై లెన్సు కూడా తీసుకోవాలని ఆయన పట్టుబట్టారు. అది కోడలికట. కాళ్ళున్నవాళ్ళు నడవాలి, నాకు ముసలితనం వచ్చింది గనక నాకు జూమ్ మినహాయింపు అన్నారు.

ఇంటికొచ్చాక పోరు మొదలైంది. సెలవు రోజొస్తే కెమెరా ఎవరి మెడలో ఉండాలన్నది తగువు. ఆమె తీసినవన్నీ ఆయన ముక్కు విరుస్తూ చూసేవారు. "ప్రతివాణ్ణీ నడిమధ్యన నిలబెడతావేం తల్లీ? వీళ్ళేమైనా ఎక్స్‌రేకి వచ్చారా?" ఆయన తీసినవి ఆమె ఎక్స్‌రేలని వెలుతురుకి పెట్టి చూసే అలవాటు కొద్దీ తెరని కిటికీ వైపు తిప్పి చూసేది. ఆయన పగలబడి నవ్వేవారు. కొడుకు ఆ ఇద్దరి మధ్యా కూర్చుని వాళ్ళ కెమెరా బ్యాటరీ ఛార్జింగు పెడుతూ, మోటార్ల వ్యాపారమే ప్రశాంతంగా ఉంటుందనేవాడు. ఒక్కోరోజు చెయ్యి మరీ మొండికేసేది. అలాంటి రోజు తీసినవన్నీ చెదిరేవి. ఆయన వాటిని చెరిపేసి, మాత్ర వేసుకుని, మర్నాడు మళ్ళీ బయల్దేరేవారు. కెమెరా అటక మీదికి మాత్రం పోలేదు.

వానాకాలం మొదట్లో పై అంతస్తు పిల్ల పురిటికెళ్ళి కూతుర్ని ఎత్తుకొచ్చింది. ఒక మధ్యాహ్నం కిందికి దిగి, తాతగారు పాపకి ఫొటో తీస్తారా అని మొహమాటపడుతూ అడిగింది. చెల్లెలి విందు తర్వాత ఆయన్ని అలా అడిగినవాళ్ళు లేరు. ఆయన కోడలి వైపు చూశారు. ఆమె వెళ్ళి కిటికీ తెర పక్కకి లాగి, మంచం మీద తెల్ల దుప్పటి పరిచింది.

పాపని పడుకోబెట్టారు. అది ఒక్క క్షణం ఊరుకుంటే ఒట్టు. కాళ్ళతో గాలిని తంతోంది, పిడికిళ్ళు నోట్లోకి పోనిస్తోంది, మొహం అటూ ఇటూ తిప్పుతోంది. తల్లి కంగారుపడి దాని కాళ్ళు పట్టుకోబోయింది.

"వదిలెయ్యమ్మా. కదిలినా ఫర్వాలేదు" అన్నారు ఆయన. మోకాళ్ళ మీద వంగి, మోచేతులు మంచం పట్టె మీద ఆన్చి, కంటికి కెమెరా ఆనించారు. "ఇది నాకంటే ఎక్కువ కదులుతోంది."

తల్లి నవ్వింది. ఆ నవ్వుకి పాప అటు తిరిగింది. ఆయన నొక్కారు.

బొమ్మ చూసుకుని ఆ తల్లి కెమెరాని చేతిలో పట్టుకునే కూర్చుంది. వాళ్ళమ్మకి పంపించాలంది, వాళ్ళాయనకి పంపించాలంది. కోడలు ఆయన భుజం మీదుగా తొంగి చూసి, పిడికిలి మీది ముడతలు భలే వచ్చాయి మామయ్యా అంది. ఆయన అప్పటికే యాభై లెన్సు కోసం సంచీలో తడుముతున్నారు.

"ఇదిగో, నీ లెన్సు. ఇప్పుడు నువ్వు తియ్యి" అన్నారు. "నడిమధ్యన మాత్రం పెట్టకు."