ఊరికి మిగిలిన ఒక్క దెబ్బ

ఈటె విసిరింది కయాన్. తిమింగలం వీపులో దిగింది కూడా. కానీ మొన పట్టు నిలవక ఊడిపోయింది. తాడు చివర కట్టిన గాలితిత్తి నీళ్ళ మీద తేలుతూ ఉండిపోయింది. తిమింగలం మంచు కిందికి జారుకుంది. మధ్యాహ్నం దాకా వెతికినా జాడ లేదు.

ఆ తోలుపడవకు పెద్ద అయిన ఉక్పిక్ ఈటెను పైకి లాగి చూశాడు. మొనకు వేలెడు కొవ్వు అంటుకుని ఉంది.

ఏటా ఏ ఊరు ఎన్ని ఈటె దెబ్బలు వెయ్యొచ్చో వేటగాళ్ళ సంఘం లెక్కగట్టి పంచుతుంది. ఆ వసంతానికి అలాస్కా ఒడ్డున ఉన్న ఆ ఊరికి మిగిలి ఉన్నది ఆ ఒక్క దెబ్బే. తిమింగలం చిక్కినా చిక్కకపోయినా, ఈటె దిగిందంటే దెబ్బ అయిపోయినట్టే. అది చట్టం. అప్పటికి ఊరికి ఒక్క తిమింగలమూ పడలేదు. చలికాలమంతా తినేదేమిటి?

"బావా, చూసింది మనం ఐదుగురమే," అన్నాడు కయాన్ గొంతు తగ్గించి. "మంచుగడ్డకు తగిలిందందాం. రేపు మళ్ళీ వద్దాం."

"మంచుగడ్డకు కొవ్వు ఎప్పట్నించి పడుతోందిరా?"

"తుడిచేస్తే సరి."

"తుడువు. తను నెమ్మదిగా ఉంటే తిమింగలమూ నెమ్మదిగా మన దగ్గరికి వస్తుందని మీ అక్క పొద్దుట్నించి ఇంట్లో కదలకుండా కూర్చుంది. వెళ్ళి దాని మొహం చూసి చెప్పు, ఆ మాట."

కయాన్ వంగి తాడు చుట్టసాగాడు.

"తిమింగలాలు అయిపోతున్నాయని బయటివాళ్ళు మన వేట ఆపించినప్పుడు, మా నాన్న మంచు మీద కూర్చుని ఒక్కొక్కటీ లెక్కపెట్టి చూపించి, వేట తిరిగి తెప్పించాడు. ఆ లెక్కలోకి అబద్ధం దూర్చమంటావా?"

ఉక్పిక్ రేడియో అందుకున్నాడు. "ఉక్పిక్‌ని. దెబ్బ తగిలింది. తిమింగలం పోయింది."

గరగరల మధ్య, దూరంగా ద్వీపంలో ఉన్న మరో ఊరి పడవపెద్ద గొంతు పలికింది.

"ఏరా ముసలాడా, గురి పోయిందా? పోనీలే, నిజం దాచలేదు. ఇక్కడ మంచు దారి మూసేసింది, మా పడవలిక దిగవు. మాకో దెబ్బ మిగిలుంది. సంఘానికి చెప్పి దాన్ని మీ ఊరి పేర రాయిస్తాను. ఈసారన్నా గట్టిగా దింపండి!"

సంఘం ఒప్పుకుంది. నాలుగో రోజు కయాన్ ఈటె లోతుగా దిగి, పట్టు నిలిచింది. ఊరు ఊరంతా తాడు పట్టి తిమింగలాన్ని మంచు మీదికి లాగింది. తిమింగలం పడిందని చాటుతూ ఉక్పిక్ ఇంటి మీద జెండా ఎగిరింది.

ఈసారి రేడియో కయాన్ అందుకున్నాడు. "తగిలింది, చిక్కింది! ద్వీపానికి మొదటి వాటా పంపుతున్నాం, విమానంలో చోటు చూసుకోండి!"

గొంతు ఏమాత్రం తగ్గించలేదు.